డాబా మీద మీడియం వేవ్: పగటి బ్యాండు, రాత్రి బ్యాండు (ప్రాజెక్టు డైరీ)

పని ఇది. విజయవాడలో ఒక డాబా మీద, బ్యాటరీ ట్రాన్సిస్టరు రేడియో, ఇంట్లో చేసుకున్న లూపు యాంటెన్నాతో మీడియం వేవ్‌లో ఎంత దూరం వినగలమో చూడాలి. పగలు ఒక జాబితా, రాత్రి ఒక జాబితా రాయాలి. రెంటినీ కలపకూడదు. మధ్యాహ్నం వినిపించే స్టేషన్లు భూమిని అంటిపెట్టుకుని వచ్చేవి. రాత్రి వినిపించేవి చాలావరకు ఆకాశంలో మళ్లి కిందికి దిగేవి. ఒకే ముల్లు, ఒకే అంకెలు, కానీ అవి రెండు వేరు బ్యాండులు. ఈ తేడా పట్టుబడకపోతే ఎన్ని తీగలు చుట్టినా ఫలితం అర్థం కాదు.

నవంబరులో మొదలుపెట్టాం. కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు పిడుగులు మీడియం వేవ్ మొత్తాన్ని ఫటఫటలతో నింపేస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నా అంతే. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఉండేదే మంచి కాలం.

నవంబరు రెండో వారం: ముందు ఇంటి రొద

యాంటెన్నా మొదలుపెట్టక ముందే చేయాల్సిన పని ఇది. రేడియోను స్టేషను లేని చోట, ఏ 650 కిలోహెర్ట్జ్ దగ్గరో 1000 దగ్గరో పెట్టి, ఇంట్లో గది గదికీ తిప్పాం. తర్వాత మెయిన్ దగ్గర ఎంసీబీ దించి మళ్లీ విన్నాం. దించగానే గరగర సగానికి సగం పోయింది. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్కటే వేస్తూ వెతకాలి.

దొరికినవి ఇవి. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు: సెకనుకు వంద సార్లు కొట్టే బరబర, బ్యాండంతా ఒకేలా ఉంటుంది. ఫ్యాను ఆపితే గాని, లేదా నాబ్ చివరిదాకా తిప్పితే గాని తగ్గదు. రెండు ఎల్ఈడీ బల్బులు: ఒకే రకం బల్బుల్లో కూడా ఒకటి నిశ్శబ్దం, ఒకటి రొద. కాబట్టి బ్రాండు చూసి కాదు, రేడియో పక్కన పెట్టి చూసి కొనుక్కోవాలి. మొబైలు చార్జర్ల పద్ధతి వేరు. వాటి రొద బ్యాండంతా ఉండదు, సమాన దూరాల్లో గుట్టలుగా వస్తుంది. ఒక చార్జరు 585, 650, 715, 780ల దగ్గర బుసకొట్టింది. గుట్టకూ గుట్టకూ 65 కిలోహెర్ట్జ్. అదే దాని స్విచ్చింగ్ ఫ్రీక్వెన్సీ. ఈ దూరం కొలిస్తే ఏ పరికరమో పట్టేయవచ్చు. ఫోన్ చార్జింగ్ నిండే కొద్దీ గుట్టలు పక్కకు జరుగుతాయి, అది కూడా ఒక గుర్తు. 715 గుట్ట సరిగ్గా చెన్నై 720 పక్కన పడుతుంది. అందుకే ఈ చార్జరు పీకే దాకా పగటి చెన్నై మాకు "బలహీనం".

పీకడానికి వీల్లేని వాటికి, అంటే ఇన్వర్టరు, వైఫై పెట్టె లాంటి వాటికి, వాటి తీగనే ఫెర్రైట్ రింగులోంచి ఎనిమిది, పది చుట్లు తిప్పాం. పాడైన కంప్యూటరు పవర్ సప్లైలో పెద్ద రింగులు దొరుకుతాయి, కానీ పసుపు రంగు పూసినవి ఇనుప పొడివి, అవి ఈ పనికి రావు. ఒక చుట్టు వేసే క్లిప్ ఫెర్రైట్ వల్ల మీడియం వేవ్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీకి చుట్లు కావాలి.

ఇంకొక మాట. స్లాబులో ఇనుప కడ్డీల అల్లిక ఉంటుంది, లోపలి గదిలో రేడియో తరంగం సగం అక్కడే ఆగుతుంది. డాబా మీదికి వెళ్లడమే మొదటి యాంప్లిఫయరు అనుకోవచ్చు. ఐతే పై అంతస్తు కోసం వదిలేసిన పిల్లర్ల కడ్డీలు ఉంటే వాటికి కనీసం మూడు, నాలుగు మీటర్ల దూరంలో కూర్చోవాలి. వాటి పక్కన దిక్కులు వంకర పోతాయి.

నవంబరు నాలుగో వారం: లూపు, మూడు సార్లు

లెక్క ముందు. మన ప్రాంతంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో 531 నుంచి 1602 వరకు ఉంటాయి. 1978 నవంబరు 23 నుంచి అమల్లో ఉన్న అమరిక ఇది. ప్రతి అంకె 9తో నిశ్శేషంగా భాగించబడాలి, డిజిటల్ రేడియోలో 9/10 మీట ఉంటే 9 మీద పెట్టాలి. ఈ మొత్తాన్ని ఒకే గ్యాంగుతో, అంటే స్టేషను మార్చడానికి తిప్పే కండెన్సరుతో, తిప్పాలంటే పై కొసకూ కింది కొసకూ ఉన్న నిష్పత్తి దాదాపు 3. కెపాసిటీ దాని వర్గం, అంటే 9 రెట్లు మారాలి. పాత వాల్వు రేడియోలోని గాలి గ్యాంగు ఒక సెక్షను కొలిస్తే 14 నుంచి 410 పికోఫారడ్లు వచ్చింది. కాగితం మీద సరిపోయినట్టే. తీగ చుట్ల మధ్య దాగి ఉండే కెపాసిటీ ఉందే, అదే దెబ్బ తీస్తుంది.

చట్రం: అంగుళం రీపరు కర్రలు రెండు, ఒక్కొక్కటి 85 సెంటీమీటర్లు, మధ్యలో గాడి తీసి గుణకారం గుర్తులా బిగించాలి. అప్పుడు చుట్టూ 60 సెంటీమీటర్ల చదరం వస్తుంది. నాలుగు కొసల్లో పది సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు అడ్డంగా, వాటికి గాట్లు. కర్రకు రెండు పూతలు వార్నిష్ తప్పనిసరి. డిసెంబరు తెల్లవారుజామున కృష్ణ మీది నుంచి వచ్చే తేమకు పచ్చి కర్ర చెమర్చి, లూపు పదును, అంటే ఒక్క స్టేషనునే ఎంచే గుణం, మొద్దుబారుతుంది. తీగ 0.75 చదరపు మిల్లీమీటరు ఫ్లెక్సిబుల్, 33 మీటర్లు.

మొదటి చుట్టుడు: 12 చుట్లు, ఒకదానికొకటి ఆనించి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కింద 450 కంటే దిగువకు పోయింది, పైన 1120 దగ్గరే ఆగిపోయింది. ఆనుకున్న చుట్ల వల్ల ఇండక్టెన్సు 270 మైక్రోహెన్రీలు దాటింది, దానికి తోడు పీవీసీ తొడుగుల మధ్య సుమారు 60 పికోఫారడ్లు చేరాయి. గ్యాంగు పూర్తిగా తెరిచినా 14 కాదు, 74 ఉన్నట్టు. నాగపూర్ 1566 అందే ఆశ లేదు.

రెండోది: అవే 12 చుట్లు, చుట్టుకూ చుట్టుకూ 6 మిల్లీమీటర్ల ఎడం. దాగిన కెపాసిటీ 20కి దిగింది, ఇండక్టెన్సు 200 మైక్రోహెన్రీలు. పై కొస హాయిగా 1800 దాటింది. కింద మాత్రం 543 దగ్గర ఆగింది, 531, 540 చేజారాయి.

మూడోది: 13 చుట్లు, అదే 6 మిల్లీమీటర్లు. 228 మైక్రోహెన్రీలు. 508 నుంచి 1800 వరకు. ఇదే ఖాయం చేశాం. మీ గ్యాంగు మా దానికి సమానం కాకపోవచ్చు. 13 చుట్లు చుట్టి, ముందు కింది కొస చూసి, ఒక చుట్టు తగ్గించడమా పెంచడమా తేల్చుకోండి. పాకెట్ రేడియో పీవీసీ గ్యాంగులో పెద్ద సెక్షను కూడా 140 పికోఫారడ్ల చుట్టుపక్కలే ఉంటుంది. దానితో ఒకే లూపు బ్యాండంతా పట్టదు.

గ్యాంగు దగ్గర మూడు తప్పులు జరుగుతాయి. రేకుల మధ్య దుమ్ము ఉంటే తిప్పినప్పుడల్లా కరకర, మెత్తటి బ్రష్షు, గాలి ఊదడం చాలు. రోటరును చట్రానికి కలిపే స్ప్రింగు రేకు మురికిపట్టి ఉంటే ట్యూను నిలవదు. మూడోది చేతి ప్రభావం: వేలు నాబ్ మీద ఉన్నంతసేపు స్టేషను వస్తుంది, తీయగానే పోతుంది. షాఫ్టుకు పది సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం బిగించి, దాని చివర నాబ్ పెడితే ఈ బాధ తీరుతుంది.

లూపుకూ రేడియోకూ మధ్య తీగ అక్కర్లేదు. రేడియోలోని ఫెర్రైట్ కడ్డీ లూపు తలానికి నిలువుగా, అంటే చక్రానికి ఇరుసులా ఉండేటట్టు, లూపు దిగువన ఒక స్టూలు మీద పెట్టాలి. ముందు రేడియోను స్టేషను మీద పెట్టి, తర్వాత గ్యాంగు తిప్పితే ఒక చోట రొద ఒక్కసారిగా పొంగుతుంది. అదే చోటు. దూరం 25, 30 సెంటీమీటర్లు బాగుంది. మరీ దగ్గరికి జరిపితే ఒక పొంగు రెండుగా చీలుతుంది, రేడియో ట్యూనింగూ పక్కకు లాగుతుంది. 600కి దిగువన లూపు మరీ పదునై మాట మూగపోయినట్టు వినిపిస్తుంది. అక్కడ గ్యాంగును కొద్దిగా తప్పించి పెడితే స్పష్టత తిరిగొస్తుంది.

డిసెంబరు మొదటి వారం: పగటి జాబితా, 11 నుంచి 2.30 వరకు

మార్కులకు సిన్‌పో పద్ధతి వాడాం: బలం, పక్క స్టేషన్ల అడ్డు, రొద, నిలకడ, మొత్తం, ఒక్కొక్కదానికి 5లోపు మార్కు. 5 అంటే మేలు. పగటిపూట నిలకడకు ఎప్పుడూ 4 గాని 5 గాని వేయొచ్చు, నేలను అంటి వచ్చే భూతరంగపు గుణం అదే.

విజయవాడ 837 గురించి చెప్పేదేముంది, 100 కిలోవాట్లు, ఊళ్లోనే. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం. ఈ ప్రాజెక్టుకు అదే పెద్ద అడ్డు కూడా, ఆ సంగతి కింద వస్తుంది.

అసలు విషయం హైదరాబాదు 738, చెన్నై 720. రెండూ 200 కిలోవాట్లు. గీత గీస్తే హైదరాబాదు 250 కిలోమీటర్లు, చెన్నై 380. దగ్గరిదే గట్టిగా రావాలి కదా? మధ్యాహ్నం 12కి హైదరాబాదు 35353, చెన్నై 45454. దూరం ఎక్కువైనా చెన్నై పైచేయి. మ్యాపు మీద స్కేలు పెడితే తెలుస్తుంది: ఇక్కడి నుంచి చెన్నైకి గీసిన గీత బాపట్ల వైపు డెల్టా పొలాలు దాటగానే సముద్రంలోకి దిగుతుంది, మళ్లీ చెన్నై దగ్గరే ఒడ్డెక్కుతుంది. ఉప్పునీరు విద్యుత్తును తడి పొలం కంటే వంద రెట్లకు పైగా, రాతినేల కంటే వెయ్యి రెట్లకు పైగా బాగా మోస్తుంది. హైదరాబాదు దారి నిండా తెలంగాణ గట్టి రాయి. భూతరంగానికి కిలోమీటర్లు కాదు, కాళ్ల కింద ఏముందన్నదే లెక్క.

ఇదే సూత్రం మిగతావాటిలో కనిపించింది. విశాఖపట్నం 927, 310 కిలోమీటర్లు, గోదావరి డెల్టా మీదుగా తూర్పు తీరం వెంట: 35353. కడప 900, దాదాపు అంతే దూరం, అంతే 100 కిలోవాట్లు, కానీ దారిలో ప్రకాశం మెట్ట, వెలికొండల రాయి: 25242. ఈ రెండూ పక్కపక్కన వింటే నేల తేడా చెవికి తెలిసిపోతుంది. బెంగుళూరు 612, 510 కిలోమీటర్లు, లూపు లేకపోతే లేదు, లూపుతో మాట ఆనవాలు. ఫ్రీక్వెన్సీ తక్కువ కాబట్టి ఆ మాత్రమైనా వచ్చింది. అదే 1500 మీద ఉంటే ఇంత రాతి మీద పగలు చేరదు. బ్యాండు పైభాగం, 1100 దాటాక, పగలు దాదాపు ఖాళీ.

స్టేషను పేరు నిర్ధారించకుండా జాబితాలో రాయకూడదు. వార్తల వేళ తెలుగు కేంద్రాలన్నీ ఒకే బులెటిన్ రిలే చేస్తాయి, అప్పుడు భాషను బట్టి తేల్చలేం. బులెటిన్ ముగిసి స్థానిక అనౌన్సరు కేంద్రం పేరు చెప్పేదాకా ఆగాలి. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూసేస్తున్న కాలం ఇది, నిన్నటి జాబితా నేటికి చెల్లకపోవచ్చు. చెవి సాక్ష్యమే సాక్ష్యం.

దిక్కు: గట్టిగా వచ్చే చోటు కాదు, మాయమయ్యే చోటు

లూపు తలం అంచు స్టేషను వైపు ఉంటే ఎక్కువ, ముఖం స్టేషను వైపు తిరిగితే సున్నా. ఎక్కువ అనేది ఇరవై, ముప్పై డిగ్రీలు తిరిగినా పెద్దగా మారదు, పైగా రేడియోలో బలాన్ని తనంతట సర్దే ఏజీసీ తేడాను కప్పేస్తుంది. సున్నా మాత్రం రెండు, మూడు డిగ్రీల్లో దొరుకుతుంది. అందుకని దిక్కు కొలవాలన్నా, అడ్డొచ్చే స్టేషనును తప్పించాలన్నా సున్నాతోనే పని.

స్టాండు కింద డిగ్రీలు గీసిన అట్ట బిళ్ల పెట్టాం. విజయవాడ నుంచి ఉత్తరానికి సవ్యంగా లెక్కిస్తే హైదరాబాదు 293, నాగపూర్ 342, కోల్‌కతా దగ్గరి చిన్సురా 49, విశాఖ 65, చెన్నై 186, కడప 221, బెంగుళూరు 220. లూపుకు ముందూ వెనకా ఒకటే కాబట్టి 220, 40 ఒకే గీత. అంటే కోల్‌కతా వైపు లూపు తిప్పితే కడప, బెంగుళూరు కూడా దాదాపు పూర్తి బలంతో వస్తాయి. ఆ మూడింటినీ దిక్కుతో విడదీయలేం.

సున్నా లోతుగా రాకపోతే లూపు లోపమే. గ్యాంగు, తీగ కొసలు ఒక పక్కకే వేలాడుతుంటే లూపు నిలువు తీగలా కూడా పనిచేస్తుంది, అప్పుడు ఒక వైపు సున్నా మాసిపోతుంది. గ్యాంగును సరిగ్గా దిగువ మధ్యలోకి మార్చి, రెండు కొసలు సమానం చేశాక పగటి హైదరాబాదు దాదాపు మాయమైంది.

డిసెంబరు రెండో వారం: 4.30 నుంచి 7 వరకు

రోజంతటిలో ఈ రెండున్నర గంటలే ఎక్కువ నేర్పాయి.

పగలు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డి పొర ఉంటుంది. గాలి ఇంకా దట్టంగా ఉండే ఎత్తు అది. తరంగం కదిలించిన ఎలక్ట్రాన్లు గాలి అణువులను గుద్దుకుని ఆ శక్తిని అక్కడే వేడిగా వదిలేస్తాయి. మీడియం వేవ్ పైకెక్కుతూనే హరించుకుపోతుంది. సూర్యుడు దిగాక ఆ డి పొర నిమిషాల్లో కరిగిపోతుంది. పైన 100 కిలోమీటర్ల ప్రాంతంలోని 'ఇ' (E) పొర, ఇంకా పైన ఎఫ్ పొర మిగిలి ఉండి, అద్దంలా వెనక్కి పంపుతాయి. చూడాల్సింది మన ఊరి సూర్యాస్తమయం కాదు, దారి మధ్యబిందువు చీకటి పడటం.

డిసెంబరు మధ్యలో విజయవాడలో సూర్యుడు 5.37 ప్రాంతంలో దిగుతాడు. చిన్సురాలో 4.53కే. మధ్య చోటు, ఒడిశా దక్షిణ కొసన, దాదాపు 5.15. మా పుస్తకంలో 594 మీద 4.50కి ఏమీ లేదు, 5.05కి క్యారియరు (మాటను మోసే తరంగం) ఉన్న జాడ, 5.20కి బంగ్లా మాట, 5.40కి పాట తాళంతో సహా. ఇక్కడింకా వెలుగుంది! 1,075 కిలోమీటర్లు, 1000 కిలోవాట్లు. బంగ్లాదేశ్ శ్రోతల కోసం 2016లో మొదలైన ఆకాశవాణి మైత్రి ఈ 594 మీదే. తూర్పు ముందు చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రం తూర్పు స్టేషన్లు ముందు వస్తాయి, పడమటివి తర్వాత. తెల్లవారుజామున మనకు వెలుగొచ్చాక కూడా చివరిదాకా నిలిచేవి పడమటివే. మేలుకునే ఓపిక ఉంటే 5.30 నుంచి 6.45 వరకు పడమటి వైపు వినండి.

నాగపూర్ 1566, 540 కిలోమీటర్లు. 1988లో మొదలైన నేషనల్ ఛానల్ రాత్రిళ్లు నాగపూర్ 1000 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు మీద దేశమంతా వినిపించేది. పగలు ఇక్కడ జాడ లేని ఫ్రీక్వెన్సీ, 6.10కల్లా లూపు అక్కర్లేకుండా వచ్చింది.

మరి హైదరాబాదు? చీకటి పడగానే ఇంకా బాగా వస్తుందని ఎవరైనా అనుకుంటారు. 5.50 నుంచి చెడిపోవడం మొదలైంది. ముల్లు గట్టిగానే ఉంది, గొంతు మాత్రం పూడుకుపోయినట్టు, పాట నీళ్లలోంచి వస్తున్నట్టు, కొన్ని సెకన్లకోసారి మునిగి తేలుతోంది. రాత్రి 8కి 42321. పగటి 35353 కంటే వినడానికి అధ్వానం.

కారణం లెక్కకు అందుతుంది. పగలు వచ్చిన భూతరంగం ఇప్పుడూ వస్తోంది. దానికి తోడు ఆకాశం నుంచి ఇంకొకటి దిగుతోంది. ఎత్తు 100 కిలోమీటర్లు అనుకుంటే ఆకాశ దారి 320 కిలోమీటర్లు, నేల దారి 250. తేడా 70 కిలోమీటర్లు, కాలంలో సెకనులో నాలుగు వేలవ వంతు లోపు. అంతమాత్రానికే రెండు తరంగాలు ఒకదాన్నొకటి చంపుకునే గాట్లు దాదాపు 4.3 కిలోహెర్ట్జ్‌కు ఒకటి పడతాయి. పొర కదిలే కొద్దీ గాటు స్టేషను మీదుగా నడుస్తుంది. అది క్యారియరు మీద పడ్డ క్షణంలో మాటను తెచ్చే పక్క బ్యాండులు మిగిలి, మోసే తరంగం పోతుంది. రేడియోలో మాటను విడదీసే డయోడు డిటెక్టరుకు ఆధారం తప్పి గొంతు చీలిపోతుంది. బలం పెంచితే ఇది పోదు, ఎంత పెద్ద లూపూ బాగు చేయలేదు. పనికొచ్చినవి రెండే: ఎస్ఎస్‌బీ ఉన్న రేడియోలో క్యారియరును లోపలే పుట్టించి ఒక పక్క బ్యాండునే వినడం. అది లేకపోతే 2, 3 కిలోహెర్ట్జ్ పక్కకు ట్యూను చేయడం. రెండోది సగం మేలు. చెన్నైకీ రాత్రి ఈ జబ్బు కొంత ఉంది. విశాఖకు తక్కువ.

కాబట్టి రాత్రి గొప్పది, పగలు చిన్నది అన్న మాట సరికాదు. నాలుగైదు వందల కిలోమీటర్లు దాటినవాటికి రాత్రి వరం, రెండు, మూడు వందల్లో ఉన్నవాటికి శాపం.

దిక్కు సున్నాలకూ ఇదే వర్తించింది. హైదరాబాదు ఆకాశతరంగం దాదాపు 39 డిగ్రీల ఎత్తు నుంచి దిగుతుంది, లూపును ఎటు తిప్పినా పూర్తిగా చావదు. చట్రాన్ని వాల్చితే ఒక్క నిమిషం సున్నా దొరికి జారిపోతుంది. కోల్‌కతా పది డిగ్రీల లోపు నుంచి వస్తుంది, దాని సున్నా రాత్రంతా దాదాపు ఒకే చోట.

882 మీద రెండు రాత్రులు కూర్చున్నాం. శ్రీలంకలోని పుత్తలం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో, 400 కిలోవాట్లు, దిక్కు 186. అదే అంకె మీద ఇంఫాల్, దిక్కు 56. రెండూ కలిసి వచ్చినప్పుడు సెకనుకు కొన్నిసార్లు ఊగే అల వినిపిస్తుంది. రెండు క్యారియర్లు కొన్ని హెర్ట్జ్‌లే ఎడంగా ఉన్నాయని దానర్థం. లూపు ముఖాన్ని 56 వైపు తిప్పగానే అల ఆగి పుత్తలం ఒక్కటే నిలిచింది.

డిసెంబరు చివర: 837, దాని నీడలు

లూపు పక్కనే ఒక చుట్టు విడి తీగ (లింకు) వేసి, 50 ఓముల కేబులుతో రిసీవరు యాంటెన్నా సాకెట్టుకు ఇచ్చినప్పుడు కొత్త తలనొప్పి మొదలైంది. 936 మీద తిరుచిరాపల్లి కోసం చూస్తుంటే తెలుగు. 1575 మీద కూడా తెలుగు. రెండు చోట్లా విజయవాడ, హైదరాబాదు కలగలిసి. లెక్క చూడండి: 837 రెండింతలు 1674, అందులోంచి 738 తీస్తే 936. 837, 738 కలిపితే 1575. గాలిలో అలాంటి స్టేషన్లు లేవు, రిసీవరు మొదటి మెట్టు ఊపిరాడక లోపలే పుట్టించింది.

నిజమా నీడా తేల్చే పరీక్ష సులువు. యాంటెన్నా దగ్గర 10 డెసిబెల్ తగ్గించే మీట వేయండి. నిజమైన స్టేషను 10 తగ్గుతుంది. 936 లాంటి నీడ 30 తగ్గి మాయమవుతుంది, 1575 లాంటిది 20. 909, 910 దగ్గర వచ్చే ఈల మాత్రం వేరే సంగతి, అది రేడియో లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ అయిన 455 ఐఎఫ్‌కు రెట్టింపు. ప్రతి మామూలు రేడియోలోనూ ఉండేదే, లూపు తప్పు కాదు.

మందు 837కు ఉచ్చు, అంటే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే ఆపే సర్క్యూటు. తక్కువ ఓముల కేబులులో వరుసగా పెట్టే, కాయిలూ కండెన్సరూ పక్కపక్కన కలిపిన సమాంతర ఎల్‌సీ. 2 మైక్రోహెన్రీలు, 0.018 మైక్రోఫారడ్. 200 మైక్రోహెన్రీలు, 180 పికోఫారడ్లు పెట్టినా 837కే ట్యూనవుతుంది, మొదట చేసిన తప్పు అదే. ఆ కాయిలు 720 దగ్గర కూడా మూడున్నర వేల ఓములు అడ్డు పెట్టి, 50 ఓముల దారిలో బ్యాండు మొత్తాన్ని మింగేసింది.

కాయిలు చవగ్గా: 25 మిల్లీమీటర్ల కరెంటు పైపు మీద, మోటారు వైండింగు షాపులో తూకానికి అమ్మే ఒక మిల్లీమీటరు ఎనామెల్ రాగి తీగ 8 చుట్లు. దగ్గరగా చుడితే 2.1కి పైన ఉంటుంది, చుట్లు కొద్దిగా లాగుతూ 837 కనిష్ఠానికి తేవాలి. కండెన్సరు పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌ది వాడాలి. మామూలు బిళ్ల సిరామిక్ పెడితే మధ్యాహ్నపు ఎండకు ఉచ్చు ఫ్రీక్వెన్సీ జారిపోయింది. రేకు డబ్బాలో మూయాలి, లేకుంటే కాయిలే యాంటెన్నా అవుతుంది. 837 సుమారు 20 డెసిబెల్ తగ్గింది, 936, 1575 నీడలు పోయాయి. 900, 720లకు రెండు డెసిబెల్ లోపే నష్టం. కానీ ఢిల్లీ 819కి ఎనిమిది దాకా పోతుంది. అందుకని ఉచ్చును పక్కన పెట్టే మీట ఒకటి ఉండాలి. 819 కోసం, అహమ్మదాబాదు 846 కోసం ఉచ్చు కాదు, లూపు ముఖాన్ని స్థానిక ట్రాన్స్‌మిటరు వైపు తిప్పడమే దారి. అది భూతరంగం, సున్నా రాయిలా నిలుస్తుంది.

జనవరి: కరకట్ట, సూర్యలంక

డాబా మీద మిగిలిన రొద ఎంతో తెలుసుకోవడానికి ఉండవల్లి వైపు కరకట్ట మీద, ఇళ్లకు దూరంగా, అదే లూపు, అదే ట్రాన్సిస్టరు పెట్టాం. బెంగుళూరు 612 మధ్యాహ్నం ఆనవాలు కాదు, మాట అర్థమైంది: 25342. బలం మారలేదు, రొదే తగ్గింది. హైటెన్షన్ లైను కింద మాత్రం కూర్చోవద్దు. తెల్లవారి మంచుకు తడిసిన ఇన్సులేటర్ల చిటపట ఎండ ఎక్కేదాకా ఆగదు. రైలు మార్గం విద్యుత్ తీగలకూ అర కిలోమీటరు దూరం మంచిది.

సూర్యలంక తీరం, బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. తడి ఇసుక మీద స్టూలు, లూపు 186 మీద. చెన్నై 720 మధ్యాహ్నం 55555, లూపు తీసేసినా తేడా లేదు. పుత్తలం ప్రసారం రోజంతా ఉండదు కాబట్టి సాయంత్రం మొదలయ్యే వేళకు, ఎండ ఉండగానే 882 మీద కాచుకున్నాం. 4.55: క్యారియరు, నిలకడగా, ఊగు లేదు. 5.05: మాట, 25252. నీళ్ల దగ్గర నుంచి మూడు వందల మీటర్లు వెనక్కి, సరుగుడు తోటలోకి జరిపితే రొదలో కలిసిపోయింది. మళ్లీ ఒడ్డుకు తెస్తే తిరిగి వచ్చింది. 5.35కి అల మొదలైంది, ఇంఫాల్ వచ్చేసింది. అక్కడితో పగటి జాబితా మూసి, రాత్రి పేజీ తెరిచాం.